నాలుగు టైర్లూ పడుకున్న కారు

హైదరాబాద్‌లోని మా కాలనీ సంఘం సమావేశంలో ఆ రోజు ఒకటే విషయం. మూడో వీధిలో నాలుగేళ్ళుగా కదలని మారుతి 800ను తీయించమని ట్రాఫిక్ పోలీసులకు ఉత్తరం రాయాలా, వద్దా? ఇరవై మందిమి కూర్చున్నాం కానీ మాట్లాడింది ఇద్దరే. ఒకరు సంఘం కార్యదర్శి, ఇంకొకరు కారు తాలూకు పెద్దాయన. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. మిగతావాళ్ళం చాయ్ తాగుతూ విన్నాం.

కార్యదర్శి: బాబాయ్ గారూ, మీ మీద కోపంతో కాదు. మొన్న రాత్రి మా అత్తగారికి ఆయాసం వస్తే 108 బండి వీధి మొగలోనే ఆగిపోయింది. ఒకపక్క మీ కారు, ఇంకోపక్క బైకులు. స్ట్రెచర్ మీద వీధి పొడుగునా మోసుకెళ్ళాం.

పెద్దాయన: ఆ రాత్రి నేను గూడ ఒక చెయ్యి పట్టిన బిడ్డా.

కార్యదర్శి: పట్టారు, కాదనను. కారు లేకపోతే ఆ మోతే ఉండేది కాదుగా. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 127 చూడండి. రోడ్డు మీద 10 గంటలకు పైగా వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి లాగించెయ్యొచ్చు. లాగిన ఖర్చు ఓనరే కట్టుకోవాలి. పది గంటలండీ! మీది నాలుగేళ్ళు.

పెద్దాయన: పది గంటలా? అయితే లెక్క చెయ్యి. మన గల్లీల రాత్రి ఎనిమిదింటికి పెడ్తరు, పొద్దుగాల ఎనిమిదింటికి తీస్తరు. పన్నెండు గంటలాయె. నీ కారు గూడ గంతే గద? అందర్నీ క్రేన్‌కు ఎక్కియ్యాలె మరి.

(అందరం నవ్వాం. కార్యదర్శి నవ్వలేదు.)

కార్యదర్శి: రాత్రి పెట్టి పొద్దున తీసేదాన్నీ, దీన్నీ ఒకే గాటన కడతారా? మీ వైపర్ మొదట్లో రావి మొక్క మొలిచింది. కింద కుక్క పిల్లల్ని పెట్టింది. ఊడ్చే ఆమె చీపురు కిందికి పోదు కాబట్టి అక్కడ చెత్త కూడా కారు ఆకారంలోనే పేరుకుంది. పగిలిన లైటు డొప్పలో వాన నీళ్ళు నిలుస్తున్నాయి. డెంగీ దోమకు అంతకంటే ఏం కావాలి?

పెద్దాయన: ఆ డొప్ప ఇయ్యాలనే పీకేస్త. బండి సంగతి విను. 2003ల మా అన్న కొన్నడు. 2010 ఏప్రిల్‌ల బీఎస్ 4 అని బండ్ల పొగ మీద కొత్త రూలొచ్చినంక హైదరాబాద్‌ల కొత్త 800 అమ్ముడే బందైంది, అందుకే దాన్ని పాణం లెక్క చూసుకుండు. 2018ల పదిహేనేండ్లు నిండితె మళ్ళ ఐదేండ్లకు రెన్యువల్ చేయించిండు. 2021ల కరోనాకు పోయిండు. ఆర్‌సీ ఆయన పేరు మీదనే ఉన్నది. ఓనర్ పోతే 30 రోజుల్ల ఆర్టీఏకు చెప్పాలె, మూడు నెలల్ల బండి పేరు మార్పుకు ఫారం 31 పెట్టాలె. ఆ మూడు నెలలు మా ఇంట్ల ఎవరికి సోయి ఉన్నది? పిల్లలిద్దరు అమెరికాల. వారసుల సంతకాల్లేక ఆడనే ఆగింది. రెన్యువల్ గూడ 2023తోని అయిపాయె.

కార్యదర్శి: స్క్రాప్‌కు ఇచ్చేయొచ్చుగా? దానికి కూడా 2021లోనే పాలసీ వచ్చింది.

పెద్దాయన: స్క్రాప్ సెంటర్ల గూడ బండి ఎవరిదో కాగితం అడుగుతరు. కబాడీవాడు ఏం అడగడు. 12 వేలు చేతిల పెడ్తనన్నడు. నలభై ఏండ్లు ఇనుము తోనే బతికినోన్ని, నాకు తెల్వదా? కాగితాల్లేని బండికి అంత పైసలిస్తుండంటే వానికి కావాల్సింది ఇనుము కాదు, ఛాసిస్ నంబరు. దాన్ని దొంగ బండికి కొట్టి తిప్పుతరు. రేపేదన్న అయితే పోలీసోళ్ళు సచ్చిపోయిన మా అన్నను ఎతుక్కుంట వస్తరు.

(ఆయన మొండితనం వెనక ఇంత లెక్క ఉందని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. అయినా స్ట్రెచర్ మోసిన రాత్రికి అది జవాబు కాదనే నాకనిపించింది.)

కార్యదర్శి: మీ ఇంటి కాగితాలు తెమలకపోతే రోడ్డేం చేసింది? పైగా దిల్‌సుఖ్‌నగర్‌లో 2013లో బాంబులు పెట్టింది సైకిళ్ళ మీద. ఎవరిదో తెలియని బండి వీధిలో ఉంటే నాకు భయమే.

పెద్దాయన: నా బండి ఎవరిదో గల్లీ అంత ఎరుకే.

కార్యదర్శి: మీకూ నాకూ ఎరుకే. వీధిలో సగం మంది అద్దెకొచ్చినవాళ్ళు. వాళ్ళకో?

పెద్దాయన: సరే, తీస్కపోయిన్రనుకో. ఏడ్నో ఒక మైదానంల పడేస్తరు, ఆరు నెలల నోటీసిస్తరు, ఎవరు రాకపోతే వేలం పాడుతరు. అసలు క్రేన్ మన గల్లీలకు వస్తదా? 2022ల ఆపరేషన్ రోప్ అని, రోడ్డుకు అడ్డం పెట్టిన బండ్లు తీసేటందుకు మెయిన్ రోడ్ల మీద జోరుగ తిప్పిన్రు. మన మలుపుల అది తిరుగుతదా?

కార్యదర్శి: తిరగకపోతే తిరగదని వాళ్ళనే చెప్పనివ్వండి. అడగకుండా మనమే అనుకోవడం ఎందుకు?

పెద్దాయన: అడుగు. కానీ సగమే రాయకు. మీ అపార్ట్‌మెంట్ స్టిల్టుల, గదే కింద స్తంభాల నడుమ కార్లు పెట్టే జాగల, ఏమున్నది?

(ఎవరూ మాట్లాడలేదు. అక్కడేముందో అందరికీ తెలుసు. ఆదివారం సాయంత్రం గుత్తివంకాయ కోసం అక్కడ క్యూలో నిలబడేది మేమే.)

కార్యదర్శి: కర్రీ పాయింట్. బిల్డర్ అద్దెకిచ్చాడు.

పెద్దాయన: పర్మిషన్‌కు పోయినప్పుడు ప్లాన్ల పార్కింగ్ అనే చూపెట్టిన్రు గద? ఇప్పుడు మీ కార్లు ఎనిమిది రోడ్డు మీదున్నయి. నా బండి పొడుగు 11 అడుగులు, వెడల్పు ఐదడుగులు గూడ లేదు. ఆ ఎనిమిదింటిని కొలువు, ఎన్ని గజాలైతయో.

కార్యదర్శి: కొలవక్కర్లేదు. రెండో స్తంభానికీ మూడో స్తంభానికీ మధ్య జాగా నాది. సేల్ డీడ్‌లో ఉంది. ఇప్పుడక్కడ రెండు ఫ్రీజర్లు, ఉల్లిగడ్డ బస్తాలు. ఏడాదిగా అడుగుతున్నా.

పెద్దాయన: మరి దాని మీద ఉత్తరం ఎందుకు రాయలె?

కార్యదర్శి: ఆ బిల్డర్ మీలా కూర్చుని మాట్లాడే రకం కాదు బాబాయ్ గారూ. మీద పడి అరుస్తాడు.

పెద్దాయన: అంటే నెమ్మదిగ ఉన్నోని కారే ముందు పోవాలె!

(ఈసారి కార్యదర్శే ముందు నవ్వింది. ప్యాడ్ మీద ఇంకో తెల్లకాగితం పెట్టుకుంది.)

కార్యదర్శి: స్టిల్టు సంగతి పోలీసులది కాదు, మున్సిపాలిటీది. రెండు ఉత్తరాలు రాయాలి.

పెద్దాయన: రెండు రాయి. రెంటి మీద సంతకం పెడ్త.

కార్యదర్శి: మీ కారు మీది దానికి కూడానా?

పెద్దాయన: దానికి గూడ. నెల రోజులు ఆగి పంపు. అన్న పెద్దకొడుకు దసరాకొస్తుండు, ఫారం మీద సంతకం తీస్కుంట. అప్పటిదాక ఆదివారం నలుగురొస్తే గోడకు ఆనేటట్టు జరుపుదాం. ఊరికె నెడితె కదలదు. హ్యాండ్‌బ్రేక్ ఏసి పెట్టినం, వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు పట్టేసి ఉంటయి. ముందురోజే ఊడదీస్త.

కార్యదర్శి: నెలంటే నెలే, బాబాయ్ గారూ. తేదీ వేసేస్తున్నా. నంబరు చెప్పండి. టీజీ అని రాయాలా?

పెద్దాయన: టీజీ కాదు, టీఎస్ గూడ కాదు. ఏపీ, అంతకు ముందటిది. రంగేం రాసినవ్?

కార్యదర్శి: బూడిద రంగు.

పెద్దాయన: క్రీము. తుడిస్తే కనవడ్తది.