వీరనారులకు ఇనుము కొరత

ఊహాలోకాల్లో ఇనుముకు తీవ్రమైన కొరత ఉంది. దానిమీద ఇంతవరకు ఎవరూ శ్వేతపత్రం విడుదల చేయలేదు కనుక ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

నా దగ్గరున్న సాక్ష్యం రెండు రంగు సీసాలు. మా మేనకోడలు ఆదివారాలు స్నేహితులతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంది. భోజనాల బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడుపుతారు. పాత్రకొక బొమ్మ. ఎత్తు 28 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి పై కణుపంత. ఉద్యోగ విరమణ చేసిన మావయ్యకు వేరే పనేముంటుందన్న జాలితో వాటికి రంగులు వేసే పని నాకు అప్పగించింది. ముక్కు మీద కళ్లజోడు, దాని మీద భూతద్దం పెట్టుకుని అరడజను బొమ్మలు ముగించాను. నలుగురు మగ యోధులు కలిసి వెండిరంగు సీసాను సగానికి తెచ్చారు. ఇద్దరు ఆడ యోధులకు కుంచె మొనతో తలా మూడు చుక్కలు పెడితే కవచం పూర్తయింది. ఒంటిరంగు సీసా మాత్రం అడుగంటింది.

లెక్క తేలిపోయింది కదా. కమ్మరి మగవాడికి మెడ నుంచి మడమ దాకా తొడుగు చేసేసరికి రాజ్యంలోని ఇనుమంతా ఖర్చవుతోంది. మిగిలిన తుక్కుతో ఆ అమ్మాయికి రెండు చిప్పలు, ఒక వడ్డాణం చేసి, 'వెళ్లు తల్లీ, డ్రాగన్‌ను చంపి రా' అని పంపిస్తున్నాడు. ఇందులో వివక్ష వెతికేవాళ్లు ముందు గనుల శాఖను అడగాలి.

సంక్రాంతికి మా అక్క బొమ్మల కొలువు పెట్టినప్పుడు ఈ ఆరుగురికీ కింది మెట్టు మీద చోటిచ్చింది. సాయంత్రం పేరంటాళ్లు వచ్చేలోగా ఆడ యోధులిద్దరినీ కొండపల్లి అంబారీ ఏనుగు వెనక్కి జరిపింది. ఎందుకని అడిగితే, "పాపం, చలికాలం కదరా" అంది.

ఇలాంటి ఆడ బొమ్మల్లో కొందరికి ఛాతీ మీద నిండా ఇనుము దొరికిన మాట నిజం. అయితే దాన్ని రెండు గుండ్రని గిన్నెలుగా మలుస్తారు. ఐరోపాలో నిజంగా యుద్ధాలు చేసిన కవచాల ఛాతీ ముందుకు ఉబ్బి ఉండేది, కొన్నింటికి నడిమధ్య గట్టులా ఒక అంచు కూడా ఉండేది. తగిలిన దెబ్బ పక్కకు జారిపోవాలని ఆ ఏర్పాటు. రెండు గిన్నెల పద్ధతిలో దెబ్బ ఎటు నుంచి జారినా మధ్యనున్న లోయలోకి, అంటే సరిగ్గా గుండె దగ్గరికి చేరుతుంది. దీన్ని లోపమనుకోకూడదు. శత్రువుకు దారి చూపించడం కూడా ఒక మర్యాదే.

ఇక భంగిమ. కామిక్ పుస్తకాల్లో చిత్రకారుడికి ఒక చిక్కు ఉంది: కాగితం మీద మనిషి ఒకవైపే కనబడుతుంది. వీరనారి ముందుభాగాన్నీ వెనుకభాగాన్నీ ఒకేసారి చూపాలంటే ఆమె నడుమును పిండిన తువ్వాలులా మెలితిప్పక తప్పదు. అదీ కళాధర్మమే అనుకుందాం. కానీ చేతిలో పట్టుకుని నాలుగు వైపులా తిప్పి చూసుకునే బొమ్మకు కూడా అదే మెలిక ఎందుకో నాకు అర్థం కాలేదు. ఈ కాలపు కుర్రవాళ్లకు వేళ్లతో బొమ్మను తిప్పే ఓపిక లేదేమో.

ఈ బొమ్మల్లో చారిత్రక ఖచ్చితత్వం కావాలని పట్టుబట్టే పెద్దలకు నా మద్దతు పూర్తిగా ఉంది. కాబట్టి వాళ్లకు లండన్ టవర్‌లోని ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కవచాన్ని గుర్తుచేయడం నా విధి. 1540 నాటి ఆ కవచంలో, తొడల నడుమ, రాజుగారి మగతనానికని ప్రత్యేకంగా చేయించిన ఉక్కు డిప్ప ఒకటి ముందుకు పొడుచుకుని వచ్చి ఉంటుంది. చెరువు అవతల నిలబడ్డవాడికి కూడా కనబడేంతది. నేను రంగు వేసిన నలుగురు మగ యోధుల్లో ఒక్కడికీ అది లేదు! చరిత్రకు ఇంత అన్యాయం జరుగుతుంటే ఖచ్చితత్వవాదులు ఎందుకు నోరు మెదపరో, ఎవరికి అర్జీ పెట్టుకోవాలో తెలియడం లేదు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. 1978లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకంలో పాచికలతో తేలే బలానికి 18 అనేది మామూలు మనిషి హద్దు. అది పడిన యోధుడికి ఆపైన ఇంకో నూరు మెట్లు ఉండేవి. మగవాడు నూరో మెట్టు దాకా ఎక్కవచ్చు. ఆడది యాభై దగ్గర ఆగిపోవాలి. వాస్తవికత అన్నారు, సరే. అదే పుస్తకంలో మాంత్రికుడు గబ్బిలం రెట్టలో గంధకం కలిపి చిన్న ఉండ చేస్తే నిప్పుల గోళం పేలి గదిలో ఉన్నవాళ్లంతా మాడిపోతారు. రెట్ట సంగతి ఎవరైనా నమ్ముతారు; ఆడమనిషి యాభై ఒకటో మెట్టు ఎక్కిందంటే మాత్రం కథ చెడిపోదా?

ఈ ఆటలో ఆడవాళ్లకు వైవిధ్యం లేదన్న మాట కూడా తప్పు. మరుసటి ఏడు, అంటే 1979లో, ఆట నడిపించేవాళ్ల కోసం వచ్చిన నిర్వాహకుల పుస్తకంలో, రాత్రి నగరవీధిలో ఎదురుపడే వేశ్యనో ఆమె దళారినో పాచికలు వేసి తేల్చుకోవడానికి ఒక పట్టిక ఇచ్చారు. అందులో 12 రకాలు ఉన్నాయి. అంత శ్రద్ధగా వర్గీకరించిన వృత్తులు వేరే ఎన్ని ఉన్నాయో చూడండి.

1989లో రెండో కూర్పు ఆ బలం హద్దును ఎత్తేసింది. దానివల్ల డ్రాగన్లు చిక్కిపోయాయని ఇంతవరకు ఫిర్యాదు రాలేదు. 2014 నాటి ఐదో కూర్పులో మనుషుల గురించిన పుటల్లో కవచం తొడుక్కున్న ఒక నల్లజాతి స్త్రీ బొమ్మ వేశారు. ఒంటి నిండా బట్టలున్నాయి. చూసి నాకు కాస్త కంగారు కలిగింది, ఇంత ఇనుము ఎక్కడి నుంచి తెచ్చారా అని.

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ నుంచి వచ్చే వార్‌హామర్ 40,000 అనే బొమ్మల యుద్ధాల ఆట పద్ధతి వేరు. ఆ కథాలోకంలో మతపీఠం దగ్గర 'ఆయుధాలు పట్టిన పురుషులు' ఉండరాదని శాసనం. చదివిన గుమాస్తా ఎవరో తెలివైనవాడు. పురుషులు అన్నారు గనుక స్త్రీలను పెట్టుకోవచ్చని తేల్చాడు. అలా పుట్టింది సిస్టర్స్ ఆఫ్ బ్యాటిల్ అనే దళం. మన సెక్రటేరియట్‌లో కూడా ఇంత చక్కటి వ్యాఖ్యానం చూడలేదు.

ఆ ఆటలోనే చక్రవర్తిని కాపాడే పదివేల మంది బంగారు కవచాల వీరులు ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో వాళ్ల కొత్త పుస్తకంలో ఒక స్త్రీ ప్రస్తావన వచ్చింది. స్త్రీలు మొదటి నుంచీ ఆ దళంలో ఉన్నారని ఆట తయారుచేసే కంపెనీ ప్రకటించింది. దాంతో అభిమానులు కొందరు భగ్గుమన్నారు. దాదాపు నలభై వేల సంవత్సరంలో జరగబోయే చరిత్రను వక్రీకరించారని వాళ్ల బాధ. కంపెనీ మాటనూ కాదనలేం. 1987లో మొదలైన ఆటలో 2024 దాకా ఒక్కరి కంటా పడకుండా నిలబడ్డారంటే అంగరక్షకులుగా ఆ స్త్రీలను మించినవాళ్లు లేరు.

పోయిన వారం మా మేనకోడలు కొత్త బొమ్మ తెచ్చింది. నిండు కవచం, కళ్ల దగ్గర సన్నటి గీత తప్ప ఏమీ కనబడని శిరస్త్రాణం. రెండు పూటలు కూర్చుని వెండిరంగు వేశాను. సీసా ఖాళీ అయింది.

"వీడి పేరేమిటి?" అన్నాను.

"వీడు కాదు మావయ్యా, ఈవిడ."

నాకు అనుమానం వచ్చింది. బొమ్మను నాలుగు వైపులా తిప్పాను. గిన్నెలు లేవు, మెలిక లేదు, జడ కూడా లేదు. "ఆడమనిషి అని చూసినవాళ్లకు ఎలా తెలుస్తుందే?" అని అడిగాను.

మేనకోడలు కొలువు పెట్టెలోంచి నా పాత యోధుడొకణ్ణి తీసి పక్కన నిలబెట్టింది. వాడి శిరస్త్రాణం కూడా మూసే ఉంది.

"వీడు మగాడని నీకెలా తెలిసింది?"

వెండిరంగు సీసా ఇంకొకటి తెప్పించమని చెప్పి మాట మార్చాను.