అప్‌డేట్ అయింది, నెట్ పోయింది

కంప్యూటర్‌లో మంచిగా నడుస్తున్న డ్రైవర్‌ను, అంటే నెట్‌వర్క్ కార్డు లాంటి భాగాలను నడిపించే సాఫ్ట్‌వేర్‌ను, చెడగొట్టే విండోస్ అప్‌డేట్ ఎవరికి కావాలి? హనుమకొండ నయీంనగర్‌లో మా ఇంటర్నెట్ సెంటర్ ముందు కాకతీయ యూనివర్సిటీ పిల్లలు పరీక్ష ఫీజు కట్టడానికి నిలబడి ఉన్నారు. అప్‌డేట్ పడి సిస్టమ్ రీస్టార్ట్ అయింది, నెట్ లేదు. కేబుల్ పెట్టే చోట లైట్ వెలుగుతూనే ఉంది. కంప్యూటర్ భాగాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో మాత్రం నెట్‌వర్క్ కార్డు మీద పసుపు త్రికోణం, లోపల చూస్తే 'కోడ్ 10'. అంటే కార్డు కనిపిస్తోంది కానీ స్టార్ట్ కావడం లేదు. పాత డ్రైవర్‌కు పోదామంటే 'రోల్ బ్యాక్' బటన్ నొక్కనివ్వదు. ఆన్‌లైన్‌లో వెతుక్కోమంటుంది. నెట్టే లేనప్పుడు ఎక్కడ వెతకాలి?

చివరికి యూఎస్‌బీ టెథరింగ్‌తో, అంటే ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు ఇచ్చి, మదర్‌బోర్డు మోడల్ చూసి డ్రైవర్ డౌన్‌లోడ్ చేశాను. "అన్నా, లేట్ ఫీజు పడుతదా?" అని అడిగిన ఆ చెల్లె టెన్షన్‌కు ఎవరు జవాబు చెప్పాలి? కొత్త డ్రైవర్ పనిచేయకపోతే పాతది దానంతటదే వచ్చేలా పెట్టడానికి ఏం అడ్డం?