జాడీలో జేబుకత్తి

గుంటూరు బ్రాడీపేటలో కాపురముంటున్న మా బావగారికి జేబుకత్తుల పిచ్చి ఉంది. ఆయన దాన్ని అభిరుచి అంటారు గానీ, బీరువాలో పట్టుచీరల అరను ఖాళీ చేయించి కత్తులు పేర్చుకున్న నాటి నుంచి మా అక్క పిచ్చి అనే అంటోంది. పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్నవారు మాటవరసకు ‘అదేమిటండీ’ అని అడిగితే చాలు. ఫ్రాన్సులోని సవోయ్ కొండసీమలో జోసెఫ్ ఒపినెల్ 1890లో కొయ్యపిడి కత్తి తయారుచేయడం, 1897లో అది పన్నెండు సైజుల్లో రావడం, అదే ఏడాది స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ సైనికాధికారుల కత్తికి హక్కులు నమోదు చేయించుకోవడం, ఒపినెల్ కత్తికి మడతపడకుండా బిగించే ఉంగరం 1955లో అమరడం, ఇవన్నీ పప్పు వడ్డించినప్పుడు మొదలై పెరుగు వచ్చేదాకా సాగుతాయి. జేబులో కత్తేమిటని ఎవరైనా కంగారు పడితే పర్సులోంచి మడతలు పడిన కాగితం ఒకటి తీసి, ఆయుధ నియమాల పట్టిక పేర్కొన్నది 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో మించిన కత్తులనేనని, తనది మూడంగుళాలైనా లేదని చదివి వినిపిస్తారు. ఆ కాగితం విమానాశ్రయం తనిఖీలో మాత్రం పనిచేయలేదు. ఆనాడు అక్కడి డబ్బాలో వదిలి వచ్చిన కత్తి ప్రస్తావన ఆయన ముందు ఎవరూ తేరు.

అన్నింటిలోకి ఆయనకు ప్రాణం వాళ్ల తాతగారి కత్తి, ఇంగ్లండులోని షెఫీల్డు ఊళ్లో చేసినది. అటక మీది ట్రంకుపెట్టెలో తుప్పుముద్దగా దొరికిన దాన్ని కిరసనాయిలులో నానబెట్టి, సన్నరకం ఉప్పుకాగితంతో రుద్ది, వంటనూనె వేస్తే కొన్నాళ్లకు జిగురు కడుతుందని కుట్టుమిషను నూనె తెచ్చి కీలులో చుక్కలు చుక్కలుగా పోసి, ఎలాగైతేనేం బతికించారు. అలాంటి కత్తికి తాళం ఉండదు, పిడి వెన్నులో ఉన్న స్ప్రింగే దాన్ని తెరిచినప్పుడూ మూసినప్పుడూ పట్టి ఉంచుతుంది. మూసేటప్పుడు వచ్చే ‘టక్కు’ను బట్టే కత్తి ఆరోగ్యం తెలుస్తుందట. ఆ ఆరోగ్యాన్ని ఆయన రాత్రి పదకొండు దాటాక కూడా పదేపదే పరీక్షిస్తూ ఉండేవారు.

అది స్టెయిన్‌లెస్ కాదు, పాతకాలపు ఉక్కు. పులుపు తగిలితే నీలంగా, బూడిదరంగుగా, చివరికి నల్లగా మారుతుంది. ఎర్రతుప్పు శత్రువు గానీ ఈ నలుపు కత్తికి రక్ష అని ఔత్సాహికుల సిద్ధాంతం. కొందరు కావాలనే ఆవముద్ద పూసి మచ్చలు తెప్పిస్తారని ఆయన చెప్పినప్పుడు, మా అక్క వంటింట్లోని కత్తిపీట వైపు చూసి, ‘మా అత్తగారి నాటి నుంచీ దానికీ ఆ నలుపే ఉందండీ, దాన్ని మాత్రం మీరు బీరువాలో పెట్టలేదేం?’ అని అడిగింది. బావగారు విననట్టే ఊరుకున్నారు. నన్నడిగితే ఆ ఇంట్లో ఉన్న ఉక్కులన్నింటిలోకి ఎక్కువ చాకిరీ చేసినది ఆ కత్తిపీటే.

మే నెలలో ఆవకాయ రోజు వచ్చింది. చిన్నరసాలు బజారులోనే కొట్టించుకొచ్చారు కాబట్టి, ముక్కలు తుడిచి, జీడి తీసి, టెంకకు అంటుకున్న పల్చని పొర గీకే పని మిగిలింది. ఏటా చెంచాతో జరిగిపోయే ఆ పనికి తన షెఫీల్డు కత్తి పుట్టుకతోనే తగినదని బావగారు ప్రకటించి, పీట వేసుకుని కూర్చున్నారు. గీకింది తక్కువ, అలుగు మీద తేలుతున్న నీలిరంగును వెలుగుకు పట్టి చూసుకున్నది ఎక్కువ. ఇంతలో ఫోను మోగింది. ఆయన కత్తి మడిచి, పక్కన పెడుతున్నాననుకుని ముక్కల బేసినులో పెట్టి లేచారు. అక్క ఆ బేసినులోనే ఆవపిండి, ఉప్పు, కారం, మెంతులు కుమ్మరించి, పప్పునూనె పోసి, మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని కలిపి, జాడీకెత్తి వాసెన కట్టేసింది.

సాయంత్రానికి ఇల్లంతా సోదా మొదలైంది. పరుపులు తిరగేశారు, చెత్తబుట్ట వరండాలో బోర్లించారు. పై వాటాలో అద్దెకుంటున్న చదువుకునే కుర్రాళ్లను పిలిచి, అనుమానం ఏమీ లేదని పదే పదే చెబుతూ వాళ్ల అనుమానం పెంచారు. పనిమనిషి ఆ మర్నాడు రాలేదు.

ఆనవాయితీ ప్రకారం మూడో నాడు ఆవకాయ తిరగకలపడానికి అక్క జాడీ విప్పి గరిటె దించింది. అడుగున ఖంగుమంది. నాలుగైదు నల్లబడ్డ ముక్కలతో సహా కత్తి పైకొచ్చింది. ఉప్పూ పులుపూ కలిసి పిడి చివరి ఇత్తడిని తళతళా తోమిపెట్టాయి గానీ, అలుగు మీద ఉప్పు తిన్న గుంటలు పడ్డాయి, కీలులో ఆవపిండి బిగిసి స్ప్రింగు చచ్చింది. బావగారు ఆ కీలును శుభ్రం చేయాలని గట్టిగా ఊదారు. గుంటూరు కారం ఎదురొచ్చి కళ్లలో పడింది.

ఆయన కుళాయి దగ్గర కళ్లు కడుక్కుంటూ ఉండగా అక్క కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఈ పిడి దేంతో చేశారండీ?’ అని అడిగింది. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు అది. ‘కొయ్యేనే’ అన్నారాయన, ముఖం తుడుచుకోకుండానే. ప్రతి కత్తి పుట్టుపూర్వోత్తరాలూ తన చేతిరాతతోనే ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్న సంగతి ఆ క్షణంలో ఆయనకు గుర్తు రాలేదు గానీ, అక్కకు వచ్చింది. బీరువా తెరిచి పుస్తకం తీసి పైకే చదివింది: ‘తాతగారి కత్తి. షెఫీల్డు. పిడి: పశువు కాలి ఎముక, కొమ్ములా కనిపించేటట్లు గీతలు చెక్కినది.’

పెళ్లిళ్లలో పంక్తులు పంక్తులుగా చెప్పే మనిషి దగ్గర ఆ పూట ఒక్క మాట కూడా మిగల్లేదు.

జాడీ ఇంట్లో ఉండడానికి వీల్లేదని తీర్మానమైంది. పారబోయడానికి బావగారికి చేతులు రాలేదు. పై వాటా కుర్రాళ్లకు జరిగినదంతా దాచకుండా చెబితే, ఎముకతో తమకు పేచీ లేదని జాడీని చెరొక పక్కా పట్టుకుని మెట్లెక్కించారు. నెల తిరక్కుండానే కడిగిన జాడీ తెచ్చి అరుగు మీద పెట్టి, ‘ఆంటీ, ఈసారి రుచే వేరుగా ఉంది, వచ్చే ఏడాది కూడా అంకుల్‌గారి కత్తి ఒకటి వేయించండి’ అని వెళ్లారు. బావగారు పడకకుర్చీలోంచి తలెత్తి, ఏ కత్తయితే బాగుంటుందని ఆలోచనలో పడ్డారు.