తన పనులు తానే చేసుకునే పిల్లలకు మాత్రమే

చాలా ప్రత్యేక పాఠశాలల ప్రవేశ నిబంధనల్లో, ఆధార్ జిరాక్సుకీ పాస్‌పోర్టు సైజు ఫొటోలకీ మధ్యన ఒక వాక్యం వినయంగా కూర్చుని ఉంటుంది: "తన పనులు తాను చేసుకోగలిగిన పిల్లలను మాత్రమే చేర్చుకుంటాము." వికలాంగ పిల్లల కోసం పెట్టిన బడి అది. ఆ వాక్యం రాసిన మహానుభావుడు ఎవరో తెలిస్తే నెల్లూరు టౌన్‌హాల్లో శాలువా కప్పాల్సిందే. నెల్లూరు దాకా నడిచి రాగలిగినవాళ్ళనే ఎక్కించుకుంటానని ఉదయగిరి బస్సు కండక్టరు అంటే జనం కిందకి లాగి అడుగుతారు. బడివాళ్ళు అంటే మాత్రం, "వాళ్ళైనా ఎంతమందిని చూస్తారులే పాపం" అని మనమే సర్దిచెబుతాం.

ఆ పనులేవో కాగితం మీద రాయరు, నోటితో చెబుతారు. అన్నం తనే తినాలి. చెప్పకుండా తడపకూడదు. బట్టలు తనే వేసుకోవాలి. మంచిదే. కానీ మరుగుదొడ్డి అలవాటు ఊరికే వచ్చేది కాదు, దానికో పద్ధతి ఉంది. రెండు వారాలు గంటగంటకీ చూసి ఎప్పుడు తడిపాడో రాసుకోవాలి. వేళలు తేలాక ఆ వేళకి కాస్త ముందే కూర్చోబెట్టాలి, తిన్న తర్వాత మళ్ళీ. కుర్చీకి రెండు వైపులా చేతులుండాలి, వీపుకి ఆనుడు ఉండాలి, పాదాల కింద పీట ఉండాలి. కాళ్ళు గాల్లో వేలాడితే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పే వైకల్యం) ఉన్న పిల్లవాడి ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, అరగంట కూర్చోబెట్టినా పని కాదు. ఇదంతా కుదరడానికి నెలలు పడుతుంది. ప్రత్యేక బడిలో నేర్పాల్సిన మొదటి పాఠం ఇదే. ఆ పాఠం ఇంట్లో పూర్తిచేసుకుని వచ్చినవాళ్ళకే సీటు.

ఇప్పుడు మన అభ్యర్థిని ప్రవేశపెడతాను. ఎనిమిదేళ్ళవాడు. సెరిబ్రల్ పాల్సీ, మందమైన చూపు, బుద్ధి ఎదుగుదలలో వెనకబాటు, అప్పుడప్పుడూ ఫిట్స్. కొండపిలోనో వరికుంటపాడులోనో ఎవరింట్లోనైనా ఉండగల పిల్లవాడు కాబట్టి పేరు పెట్టడం లేదు.

ముందు చూపులేని పిల్లల బడికి తీసుకుపోతారు. అక్కడి మేడమ్ మంచావిడ. "చూపు సంగతి మేం చూసుకుంటామమ్మా. కానీ బ్రెయిలీకి వేలు నిలవాల గదా? కర్ర పట్టుకుని నడవాల గదా? వీడు నిలబడనే నిలబడడు. బుద్ధిమాంద్యం బడికి తీసకపోండి, వాళ్ళకైతే ఇయ్యన్నీ అలవాటే." అక్కడికి పోతే సారు వాడి బుగ్గ గిల్లి, బంగారుతండ్రి అని, నిట్టూరుస్తాడు. "మా దగ్గరంతా బొమ్మల కార్డులన్నా. ఇది ఆవు, ఇది అరటిపండు. కార్డు కనపడని పిల్లోడికి ఏం చూపించాల? చూపులేని పిల్లల బడిలో అడగలేదా?" అడిగామంటే, "వాళ్ళెప్పుడూ అట్టానే అంటారులే" అని జాలిపడతాడు.

మూడో చోట థెరపీ గది కళకళలాడుతుంటుంది: నిలబడే కడ్డీలు, పెద్ద బంతి, గోడకి అద్దం. "చెప్పింది అర్థమైతేనే గదమ్మా చేయించగలం, ముందు కాస్త తెలివి రానీయండి" అంటారు. నాలుగో చోట హాస్టలుతో సహా అన్నీ ఉంటాయి. "ఫిట్సా? వద్దు సార్, రాత్రిపూట ఏమన్నా అయితే మా మీదకొస్తది." వాస్తవానికి ఫిట్స్ వచ్చిన పిల్లవాడిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే డాక్టరు రాసిచ్చిన ముక్కు స్ప్రే కొట్టి 108కి ఫోన్ చేయాలి. వార్డెనుకి ఇది నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. ఆ మధ్యాహ్నం ఎవరికీ దొరకదు. ఐదోది కాన్వెంటు, మర్యాద మరీ ఎక్కువ: "మాకేం అభ్యంతరం లేదండీ, మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు." ఆ పేరెంట్స్‌ని ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

సర్కారు బడి హెడ్మాస్టరు ఒక్కడే చట్టానికి కట్టుబడతాడు. అడ్మిషన్ రిజిస్టరు తెప్పించి, గుండ్రటి దస్తూరీతో పేరు రాసి, పెన్ను క్యాపు బిగించి, "రోజూ తీసుకరాబాకండి, ఇబ్బంది పడతాడు" అని తల నిమిరి పంపిస్తాడు.

గమనించండి, వీళ్ళలో ఎవరూ పొమ్మనలేదు. అందరూ మంచినీళ్ళిచ్చారు. వద్దన్న ప్రతివాళ్ళూ ఇంకో బడి అడ్రసు రాసిచ్చారు, ఫోన్ నంబరుతో సహా. ఆ అడ్రసులు పట్టుకుని పోతే ఆఖరివాళ్ళు రాసిచ్చేది మొదటి బడి అడ్రసే.

ఇందులో లెక్కల అందం కూడా ఉంది. ఒకటికి మించి వైకల్యాలుంటే సర్టిఫికెట్లో శాతాలని ఊరికే కూడరు. 90లోంచి పెద్ద శాతం తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చింది పెద్ద శాతానికి కలుపుతారు. 60 ఒకటి, 40 ఒకటి ఉంటే మొత్తం 73 అవుతుంది. బడుల ఫార్ములా ఇంకా తేలిక: 60కి ఒక బడి ఉంది, 40కి ఒక బడి ఉంది, 73కి లేదు. అందుకే కొందరు తెలివైన తల్లిదండ్రులు ఒక వైకల్యాన్ని దాచి సీటు సంపాదిస్తారు. నెల తిరక్కుండా బయటపడుతుంది, టీసీ చేతికొస్తుంది. అట్లా చేయకండి. గ్రామ, వార్డు సచివాలయంలో సదరం (వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష) స్లాటు అడిగేటప్పుడే బహుళ వైకల్యం అని చెప్పండి. చెప్పకపోతే ఎముకల డాక్టరు కాళ్ళవరకే రాసి పంపిస్తాడు, కళ్ళు ఇంకో స్లాటు దాకా బాగున్నట్టే లెక్క. బిగుసుకున్న పిడికిలి తెరుచుకోక, కనుపాప నిలవక ఆధార్ సెంటర్లో వెనక్కి పంపితే, బయోమెట్రిక్ మినహాయింపు కింద నమోదు చేయమని గట్టిగా అడగండి. ఆ వెసులుబాటు ఉంది. ఆపరేటరుకి తెలియకపోవచ్చు.

బహుళ వైకల్యాల కోసమే కేంద్రం 2005లో ఒక జాతీయ సంస్థ పెట్టింది, చెన్నై అవతల ముట్టుకాడులో. నెల్లూరు నుంచి రెండొందల కిలోమీటర్ల పైమాటే. నెల్లూరులోనే సీఆర్‌సీ, అంటే వికలాంగుల కోసం కేంద్రం పెట్టిన ప్రాంతీయ కేంద్రం, కూడా ఉంది. పిల్లవాడిని పరీక్షించి, ఏమేం చేయించాలో చెప్పే చోట్లు ఇవి. ఆ కాగితం పట్టుకుని తిరిగొచ్చేది మళ్ళీ పై రౌండుకే.

ర్యాంపు గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు, అదీ నియమం. వరండా రెండడుగుల ఎత్తుంటే ర్యాంపు ఇరవై నాలుగడుగులు రావాలి. సిమెంటు ఆరడుగులకే అయిపోతుంది కాబట్టి ర్యాంపూ అక్కడే ఆగుతుంది. దానిమీద చక్రాల కుర్చీ నెడితే వెనక్కి దొర్లుతుంది. హెడ్మాస్టరు బైకు మాత్రం ఫస్టు గేరులో హాయిగా ఎక్కుతుంది, వానాకాలమైతే పైన వరండాలోనే ఉంటుంది. ర్యాంపు చివర గ్రిల్‌గేటు పట్టా, దానికి కుర్చీ ముందు చక్రం ఇరుక్కుంటుంది. ప్రత్యేక మరుగుదొడ్డికి తాళం. తీయిస్తే లోపల విరిగిన బెంచీలు, చీపుర్లు, ఎప్పటిదో సున్నం డ్రమ్ము. యూడైస్‌లో, అంటే బడుల వివరాల సర్కారు లెక్కల్లో, ర్యాంపు ఉంది, కడ్డీ ఉంది, ప్రత్యేక మరుగుదొడ్డి ఉంది. మూడు టిక్కుల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

ఇక అసలు సంగతి. 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, బహుళ వైకల్యాలూ తీవ్ర వైకల్యమూ ఉన్న పిల్లలకి ఇంటి దగ్గరే చదువు కోరుకునే హక్కు ఇచ్చారు. కోరుకోవాల్సింది వాళ్ళు. మన దగ్గర తల్లి ఆఫీసు గడపలో చెప్పులు విడవకముందే కోరిక తీరిపోతుంది: "హోమ్‌బేస్డ్‌లో పెట్టేస్తామమ్మా." వారానికోసారో, వీలున్నప్పుడో ఐఈఆర్పీ, అంటే సహిత విద్య ప్రత్యేక టీచరు, ఇంటికొస్తుంది. ఆమెని అనేదేముంది, కాంట్రాక్టు ఉద్యోగం, మండలం నిండా ఊళ్ళు, మే నెల ఎండలో స్కూటీ. ఒక గంట కూర్చుని, కాళ్ళు చేతులు ఆడించి, సంతకం పెట్టించుకుని పోతుంది. మిగతా వారమంతా వాడు మంచం మీద గోడ చూస్తూ పడుకుంటాడు. రిజిస్టర్లో వాడు విద్యార్థి. "పింఛను ఆరువేలు వస్తంది గదా, ఇంకా బడెందుకు" అని నవ్వుతూ అడిగేవాళ్ళున్నారు.

సిగ్గుండాలి ఆ మాట అనడానికి. పింఛను తీసుకుంటే చదువు వదులుకున్నట్టని ఏ జీవోలో రాశారు? కూలి మానుకుని ఎనిమిదేళ్ళ బరువుని రోజూ చంకనెత్తుకునే తల్లికి నడుము పోతుంది, అది ఏ శాతంలోకీ రాదు. నడవలేని సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో తుంటి ఎముక గిన్నెలోంచి మెల్లగా జారుతుంది, ఏడాదికోసారైనా ఎక్స్‌రే తీయించాలి. సరిగా కూర్చోబెట్టకపోతే వెన్ను వంకర తిరుగుతుంది. అధికారులారా, మీరు కోఆర్డినేటర్ల సమావేశాలు పెట్టుకుని టీ తాగే రెండేళ్ళలో వాడి ఒంట్లో తిరిగిరానిది జరిగిపోతుంది. తర్వాత మీరే సదరం క్యాంపులో ఇంకో పది శాతం పెంచి రాస్తారు.

బడి సరైనదో కాదో తెలియాలంటే వార్షికోత్సవం రోజు పోకండి, మధ్యాహ్నం భోజనం వేళకి పోండి. తినలేని పిల్లవాడిని నిటారుగా కూర్చోబెట్టి, తల కాస్త ముందుకి వంచి, మెత్తగా పిసికిన పప్పన్నం చిన్న చెంచాతో పెడుతున్నారా? పడుకోబెట్టి పోస్తున్నారంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా తెస్తుంది, బయటికి వచ్చేయండి. ఒక్కడికి తినిపించడానికి అరగంట పైనే పడుతుంది, ఆయాలెందరో లెక్కపెట్టండి. తడిసిన పిల్లవాడిని ఎక్కడ మారుస్తారో చూపించమనండి. టీచరుకి ఆర్సీఐ (భారత పునరావాస మండలి) నంబరుందా, ఏ వైకల్యంలో శిక్షణో అడగండి. ఒకే ట్రైనింగుతో మూడు వైకల్యాలు చూసేవాళ్ళు తక్కువ, కానీ తెలియనిది తెలుసుకుంటానన్న టీచరు ర్యాంపు కన్నా మేలు.

వద్దంటే కాగితం మీద వద్దనమనండి. దరఖాస్తు రాసిచ్చి, రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షను 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గరి బడిలోనో, కోరుకున్న ప్రత్యేక బడిలోనో ఉచిత చదువు ఇస్తుంది. 16వ సెక్షను వివక్ష లేకుండా చేర్చుకోమంటుంది, ఎక్కువ ఆసరా కావాల్సిన పిల్లవాడితో పాటు వెంట వచ్చే మనిషికి కూడా రవాణా కల్పించమంటుంది. ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, మళ్ళీ చేస్తే యాభైవేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా. ఈ సెక్షన్ల నంబర్లు దరఖాస్తులోనే రాస్తే మంచినీళ్ళు ఆలస్యమవుతాయి గానీ జవాబు తొందరగా వస్తుంది. ఎంఈవో, సమగ్ర శిక్ష సహిత విద్య కోఆర్డినేటరు, డీఈవో, ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్లో అర్జీ, అక్కడా కదలకపోతే వికలాంగుల రాష్ట్ర కమిషనరు. అర్జీకి పిల్లవాడిని కూడా తీసుకురావాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. సర్టిఫికెట్ జిరాక్సు, ముద్ర ఉన్న కాపీ చాలు. ఎండలో వాడిని మెట్లమీద కూర్చోబెట్టి ఫొటో తీయించమని ఎవరైనా సలహా ఇస్తే, వాళ్ళ పిల్లల్ని తెచ్చుకోమనండి.