ఆ గొలుసు పట్టిన చెయ్యి

విక్టోరియన్ కాలపు బ్రిటిష్ చిత్రాల మీద మీ వ్యాసంలో, మిలే గీసిన ‘ఒఫీలియా’కి (షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లో నీళ్లలో మునిగి చనిపోయే అమ్మాయి బొమ్మ) మొదటి పీట వేశారు, కాదనను. కానీ ఆ మోడల్ ఎలిజబెత్ సిడాల్ నీళ్లతొట్టెలో గంటలకొద్దీ పడుకుని జలుబు తెచ్చుకుందని తెలిశాక ఆ బొమ్మ చూస్తే నాకే చలేస్తుంది! నా ఓటు వాటర్‌హౌస్ 1888లో వేసిన ‘ది లేడీ ఆఫ్ షాలట్’కే. టెన్నిసన్ పద్యంలో శాపం తగిలి, పడవెక్కి చావు వైపు సాగే నేతగత్తె బొమ్మ అది. పడవ ముందు మూడు కొవ్వొత్తులు, రెండు ఆరిపోయాయి. తను నేసిన గుడ్డ అంచు నీళ్లలో తడుస్తోంది. చేతిలో పడవ గొలుసు, ఇదిగో వదిలేస్తోంది. ముఖం కన్నా ఆ చెయ్యే నన్ను కదలనివ్వదు. లేటన్ గీసిన ‘ఫ్లేమింగ్ జూన్’, అదే నిద్రపోతున్న అమ్మాయి బొమ్మ, అదీ ఇష్టమే, ఒంటికి అంటుకున్న ఆ పల్చని నారింజ రంగు బట్ట కోసం. అన్నట్టు, నిద్రపోతున్న ఆమెకి పైన కనిపించేది గన్నేరు కొమ్మ. విషం! మీ వ్యాసంలో ఆ ముక్క రాలేదేం?