సన్నబడాలంటే వడ్డన మారాలి

తెలుగు భోజనానికి ఒక వరుస ఉంది. ముందు పచ్చడో పొడో నెయ్యితో, తర్వాత పప్పు, కూర, ఆపైన చారు, చివర పెరుగు. ప్రతిదానికీ మళ్లీ అన్నం పడాల్సిందే. పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం చేసినట్టే ఉండదు. నాలుగైదు సార్లు కంచంలోకి వచ్చేది అన్నం. పప్పూ కూరా దాన్ని కలుపుకోవడానికి వచ్చే తోడు మాత్రమే. బరువు తగ్గడం గురించి మన చర్చంతా జీలకర్ర నీళ్ల చుట్టూ, రాత్రి రెండు చపాతీల చుట్టూ తిరుగుతోంది గానీ, ఈ వడ్డన జోలికి పోయేవారు తక్కువ.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. దేశ సగటు 24 శాతం. పైగా ఈ లెక్కకు అందని వారున్నారు. కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. అలాంటివారికి తూకం యంత్రం కన్నా టేపు నిజం చెబుతుంది. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది మన దేశ వైద్యులు పాటించే హద్దు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలను సవరించింది. రోజుకు 2,000 కేలరీలు చాలినవారికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, నూనెలూ కొవ్వులూ 27 గ్రాములు. ధాన్యాల కోటాలో ఉదయం దోసెలో రుబ్బిన బియ్యమూ కలిసే ఉంటుంది. అయితే నాకు ఆసక్తిగా తోచింది కూరగాయల లెక్క. నలుగురున్న ఇంటికి రోజుకు 1.6 కిలోలు! అరకిలో బెండకాయలు తెచ్చి, వేపుడు చేసి, నలుగురికీ సరిపెట్టే వంటిళ్లు మనవి. వేగి సగమైన ఆ కూర ఎంత అన్నంలో కలిస్తే కడుపు నిండుతుందో వేరే చెప్పాలా?

అన్నం ఇంతగా పెరగడానికి తిండిపోతుతనం కారణం కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు అది ఆకలి తీర్చింది. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ కార్డుల మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తోంది. అంటే రోజుకు 200 గ్రాములు. ధాన్యాల కోటా అక్కడే దాదాపు పూర్తవుతుంది. ఆ సాయాన్ని తప్పుపట్టలేం. కాకపోతే బియ్యం చేరినంత ధారాళంగా పప్పు ఇంటికి చేరడం లేదు.

ఇక నడక. మనిషి గంట సేపు వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 కేలరీలు. పార్కు గేటు ముందు టిఫిన్ బండి దగ్గర ఒక ప్లేటు వడ దాన్ని సులువుగా పూడ్చేస్తుంది. నడక మానమని కాదు. గుండెకూ రక్తంలో చక్కెరకూ దాని మేలు దానిదే. బరువు పని మాత్రం దానొక్కదాని మీదే వదిలేయకూడదు. నన్నడిగితే, తెల్లవారుజామున గంట నడిచి మిగతా రోజంతా కుర్చీలో గడిపేవారికన్నా, రెండు పూటలా తిన్న వెంటనే పది పదిహేను నిమిషాలు నడిచి, మధ్యమధ్య లేచి తిరిగేవారిది తెలివైన పద్ధతి. భోజనం తర్వాతి కాస్త నడకే చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా చూస్తుంది.

వడ్డన మార్చడం వినడానికి తేలిక. అన్నం ఒక్కసారే పెట్టుకోవడం, పప్పూ కూరా ముందు వేసుకుని మిగిలిన చోటే అన్నానికి వదలడం, పెరుగును మజ్జిగ చేసుకుని తాగడం. చిక్కంతా మారు వడ్డనతోనే. అది ఆప్యాయత. వద్దంటే వంట నచ్చలేదేమోనని వండినవారు నొచ్చుకుంటారు. అందుకే ఇంట్లో ఒక్కరే డైటింగ్ మొదలుపెడితే అది ఎక్కువ రోజులు నిలవదు, అందరి కంచాలూ కలిసి మారాలి.

ఖర్చు సంగతీ ఉంది. మనిషికి 85 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు పది కిలోల పప్పులు కావాలి. గుడ్లూ చేపలూ తినే ఇళ్లలో కొంత తగ్గవచ్చు. నెల సరుకుల చీటీలో రెండు కిలోల కందిపప్పు రాయడానికే ఆలోచించే ఇంటికి 'అన్నం తగ్గించండి' అని సలహా ఇచ్చేవారు, ఆ ఖాళీని దేనితో నింపాలో, అది ఎంతకు దొరుకుతుందో కూడా చెప్పాలి.