సాధన అనే దురలవాటు

'ఆడలేక మద్దెల ఓడు' అనే సామెతను తరతరాలుగా మనం ఒక పక్షం మాటగానే వింటున్నాం. ఆ మద్దెలను ఎవరైనా దగ్గరికి వెళ్లి చూశారా? వార్లు వదులయ్యాయేమోనని ఒక్కరైనా అడిగారా? నిజంగానే ఓటిదైతే? విచారణ లేకుండా ఆడేవాళ్ల మీదికి నెట్టేసి చేతులు దులుపుకున్నాం. పదకొండేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నవాడిగా, ఇంకా నిజం చెప్పాలంటే బేస్ గిటార్‌కి పెడల్స్ కొంటున్నవాడిగా, ఈ కేసు మళ్లీ తెరవాలని కోరుతున్నాను.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. బేస్ గిటార్‌కి నాలుగే తీగలు, లావువి. రిసెప్షన్‌లో స్టేజీ మీద నన్ను చూసిన పెద్దవాళ్లు "మిగతా రెండూ తెగిపోయాయా నాన్నా?" అని జాలిపడుతుంటారు. ఇది మోగుతున్నంతసేపూ ఎవరికీ వినపడదు. ఆగిపోతే మాత్రం పాటలో ఏదో పోయిందని అందరూ తలెత్తి చూస్తారు, కరెంటు పోయాక ఫ్యాను వైపు చూసినట్టు. ఇక పెడల్ అంటే గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య నేల మీద పెట్టే రేకు డబ్బా. మూడు నాలుగు నాబ్‌లు, ఒక స్విచ్చు. కాలితో నొక్కితే శబ్దం మారుతుంది. మారినట్టు నొక్కినవాడికి తెలుస్తుంది.

టోన్ అంటే మనకిష్టమైన బేసిస్ట్ దగ్గర ఉండి మన దగ్గర లేనిది. ఇంతకన్నా శాస్త్రీయమైన నిర్వచనం నాకింతవరకు దొరకలేదు.

నాకీ పిచ్చి పట్టించింది ఇళయరాజా పాటలు. 80లలోని ఆ పాటల్లో గొంతు ఒక దారిన పోతుంటే అడుగున బేస్ ఇంకో కథ చెబుతూ నడుస్తుంది. చిన్నప్పుడు మా ఇంట్లో టేప్‌రికార్డర్ మీద చెయ్యి పెట్టి ఆ అదురు కోసం చూసేవాణ్ణి. పెద్దయ్యాక ఆ టోన్ సంపాదిద్దామని పాత క్యాసెట్ అట్టలు తీసి చూస్తే సంగీత దర్శకుడి పేరుంది, రాసినవారి పేరుంది, పాడినవారి పేర్లున్నాయి. బేస్ వాయించినాయన పేరు లేదు. మనిషి పేరే వెయ్యనప్పుడు పెడల్ పేరు ఎవరు వేస్తారు? ఏం కొనాలో తెలియని దారిలో ఎంతకాలమని నడుస్తాం? అందుకని అమెరికాలోని డెట్రాయిట్ వైపు మళ్లాను.

డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ అనే ఆయన ఉండేవారు. 1960లలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ నుంచి వరసపెట్టి వచ్చిన హిట్లలో చాలావాటికి బేస్ ఆయనదే. అక్కడా మన కథే. 1971 దాకా మోటౌన్ రికార్డుల అట్టల మీద వాద్యకారుల పేర్లు వెయ్యలేదు. కాకపోతే తర్వాతివాళ్లు పట్టుబట్టి తవ్వితీశారు కాబట్టి ఆయన ఏం వాడారో ఇప్పుడు ప్రతి వివరం తెలుసు. ఆ వివరాలు చదివాక నాకు మూడు రోజులు అన్నం సయించలేదు.

గిటార్, 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్. తీగలు లావుపాటి ఫ్లాట్‌వౌండ్ రకం, అంటే పైన నున్నగా ఉండేవి, తెగితే తప్ప మార్చేవారు కాదు. తీగల చివర్లు ఆనే బ్రిడ్జి మీది మూత కింద స్పాంజి ముక్క ఒకటి నొక్కిపెట్టి ఉండేది, తీగ ఎక్కువసేపు మోగకుండా. కుడిచేత్తో మీటేది చూపుడు వేలు ఒక్కటే. ఆ వేలికి 'హుక్' అని పేరు కూడా పెట్టారు, అంటే కొక్కెం. మోటౌన్ స్టూడియోలో పైనుంచి వైర్లు వేలాడుతుండేవని ఆ గదిని 'స్నేక్‌పిట్' అనేవారు, పాముల గుంట. అన్ని వైర్లున్న గదిలో ఆయన వైరు మాత్రం గిటార్ నుంచి తిన్నగా కన్సోల్ వైపు, అంటే శబ్దాలన్నీ కలిపే బల్ల వైపు, వెళ్లిపోయేది. దారిలో పెడల్ లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఇది బాధ్యత గల మనిషి చేసే పనేనా? తర్వాతి తరాలు తన టోన్ కోసం వెతుక్కుంటాయని, వాళ్లకి కొనుక్కోవడానికి ఏదో ఒకటి మిగల్చాలని ఆ మహానుభావుడికి తోచలేదు. పోనీ ఆ గిటారైనా మ్యూజియంలో ఉందా అంటే, 1983లో ఆయన పోవడానికి కొద్దికాలం ముందు దాన్ని ఎవరో దొంగిలించారు. ఇప్పటిదాకా దొరకలేదు. ఆ దొంగకి ఇప్పటికి టోన్ వచ్చే ఉంటుంది.

ఈ వివరాలు చూపించి కొందరు "టోన్ వేలిలోనే ఉందిరా" అని తీర్పు చెప్పేస్తారు. మా డ్రమ్మర్ ఈ వర్గం. వాడికి నా ప్రశ్న ఒక్కటే. వేలిలో ఉంటే, వేలికి నాబ్ ఏది? సాధన చెయ్యమంటాడు. సాధన మీద నాకు వ్యక్తిగతంగా ద్వేషం లేదు, కానీ నిజాలు మాట్లాడుకుందాం. సాధన కొరియర్‌లో రాదు. దాన్ని విప్పుతూ వీడియో తీయలేం. ఈఎంఐ లేదు, వారంటీ లేదు, విసుగొస్తే సగం ధరకి ఇంకొకడికి అంటగట్టే వీల్లేదు. ఇన్ని లోపాలున్న వస్తువుని ఏ మొహంతో రికమెండ్ చేస్తారు?

కాబట్టి ఒక్క పెడల్ కూడా లేని ఆ టోన్ కోసం నేను తొమ్మిది పెడల్స్ పెట్టాను. కన్సోల్ దగ్గర శబ్దాన్ని అదిమే పనికి కంప్రెసర్. పాతకాలం పరికరాల్లోని గాజు వాల్వుల వెచ్చదనానికి ప్రీయాంప్. కొత్త తీగల తళతళ తగ్గించడానికి ఈక్వలైజర్. "తీగలు మార్చకుండా పాతవే ఉంచుకోవచ్చుగా, మురికి పట్టి అవే మెత్తబడతాయి" అని డ్రమ్మర్ సలహా. వాడికి అనుభవం తక్కువ. మురికి పట్టాలంటే వాయించాలి.

నాలుగోది ఫజ్, అంటే శబ్దాన్ని చించి పీలికలు చేసేది. జేమర్సన్ మోటౌన్ టోన్‌లో ఫజ్ లేదుగా అంటారేమో. నిజమే, కానీ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చింది. పైగా దానికో చరిత్ర ఉంది. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డింగులో గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ వాయిస్తుంటే కన్సోల్‌లో ఒక చానెల్ పాడై శబ్దం బరబరమంది. తీసేద్దామా ఉంచుదామా అని ఆలోచించి ఉంచేశారు, పాట హిట్టయింది. ఆ పాడైన శబ్దాన్ని కావాలని పుట్టించే సర్క్యూట్ తయారు చేయించాడు ఇంజనీరు గ్లెన్ స్నాడీ. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్నే మాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మింది. అంటే ఫజ్ పుట్టిందే ఓటి మద్దెలలోంచి. సామెత గురించి మొదట్లో నేనన్నది మీకిప్పుడు అర్థమవుతూ ఉండాలి.

ఫజ్‌తో చిన్న చిక్కుంది. చాలావరకు మామూలు గిటార్ కోసం చేసినవి కాబట్టి బేస్‌కి తగిలిస్తే అడుగు శబ్దాన్ని మింగేస్తాయి. బేస్‌లో అడుగు పోతే మిగిలేది దోమ. అందుకని బ్లెండ్ అనే నాబ్ ఉన్న పెడల్ ఇంకోటి కొన్నాను. పెడల్ మార్చిన శబ్దంలో మార్చకముందు శబ్దాన్ని కలిపిస్తుంది. అంటే మార్చినందుకోసారి, మార్చనందుకోసారి డబ్బులిచ్చాను. ట్రూ బైపాస్ సంగతి ఇంకా గొప్పది. పెడల్ ఆపితే అది అసలు అక్కడ లేనట్టే ఉంటుందని దాని ఘనత. లేనట్టు ఉండటానికి ఇంత ధర పలికే వస్తువు ఇదొక్కటే అనుకుంటా. అవి వరసగా పెట్టి పొడుగు కేబుళ్లు కలిపితే పై శబ్దం సన్నగిల్లుతుంది, దానికి బఫర్. అన్నిటికీ ఒకే అడాప్టర్ నుంచి కరెంటిస్తే గుయ్‌మని హమ్, దానికి విడివిడి అవుట్‌పుట్‌ల పవర్ సప్లై. దాని ధరలో రెండు పెడల్స్ వచ్చేవని ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది.

సరుకు రవాణా డాలస్‌లో ఉన్న మా బావ చూసుకుంటాడు. వెళ్లేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ, వచ్చేటప్పుడు పెడల్. ఒకసారి ఎయిర్‌పోర్టులో స్క్రీన్ మీద స్విచ్చూ వైర్లూ ఉన్న రేకు డబ్బా కనబడేసరికి పక్కకి పిలిచి ఇదేమిటని అడిగారట. "నాకూ తెలీదండీ, మా బామ్మర్దిది" అన్నాడట. అరగంట కూర్చోబెట్టారు. అక్కా నేనూ మళ్లీ మాట్లాడుకోవడానికి సంక్రాంతి దాకా పట్టింది.

కొనేముందు పరిశోధన చేయనా? రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో రివ్యూ వీడియోలు చూస్తాను. బేస్ గిటార్ అడుగు తీగ మోగేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర. ఫోన్ స్పీకర్‌కి అంత కిందికి దిగడం చేతకాదు, పైనుండే అనుస్వరాలు విని మిగతాది మన బుర్ర ఊహించుకుంటుంది. అంటే నేను పోల్చి, బేరీజు వేసి, పాత దానికన్నా కొత్తదే మెరుగని తేల్చినవన్నీ నా తలలోనే మోగినవి. దానికి డబ్బు మాత్రం బయట కట్టాను.

ఆరోది జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్. ఫజ్ రెండోసారి ఎందుకని అడక్కండి. జర్మేనియం వేడికి గుణం మారుస్తుంది, శబ్దం మారిపోతుంది. ఇంగ్లండు చలిలో కూర్చుని వాయించేవాళ్లకు పర్లేదేమో గానీ మే నెలలో విజయవాడలో అది మనలాగే తయారవుతుంది, ఏం చెప్పినా వినదు. ఓ మధ్యాహ్నం దాన్ని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాను. మా ఆవిడ అరగంట తర్వాత ఫ్రిజ్ తెరిచి, కాసేపు అలాగే నిలబడి, మాట్లాడకుండా మూసేసింది. "ఏమండీ, అది శాకాహారమేనా?" అని సాయంత్రం అడిగింది.

అన్నీ అయ్యాక కూడా ఆ టోన్ రాలేదు. అప్పుడు ఇంకో వివరం దొరికింది. మోటౌన్ గాయకుడు మార్విన్ గే 1970లో రికార్డు చేసిన ఒక పాటకి రమ్మని పిలిస్తే, జేమర్సన్ తాగి ఉండి కూర్చోలేక నేల మీద వెల్లకిలా పడుకుని వాయించారని చెబుతారు. ఇన్నేళ్లూ నేను పొరపాటు చేస్తున్నది ఇక్కడన్నమాట. హాల్లో చాప పరిచి, తాగుడు అలవాటు లేదు కాబట్టి మజ్జిగ తాగి, గిటార్ గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను. కాలు పెడల్ దగ్గరికి చేరదు. పెడల్‌బోర్డుని పాదాల దగ్గరికి జరిపితే కేబుల్ చాలదు. కేబుల్ మార్చి, మడమతో కంప్రెసర్ నొక్కి, ఎడమచేతి మణికట్టు మెలిపెట్టి మొదటి స్వరం మీటేసరికి మా అత్తగారు లోపలికొచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా "అయ్యో, అల్లుడుగారికి ఏమయింది!" అని పెట్టిన కేకకి పక్క ఫ్లాటువాళ్లు ఉప్పూ నీళ్లూ పట్టుకొచ్చారు. ఆవిడ కేకలో ఉన్న ఆ అదురు, ఆ నిండుతనం నా తొమ్మిది పెడల్స్‌లో లేవని ఒప్పుకోవాలి.

పోయిన నెల హైదరాబాద్ శివార్లలో ఒక ఫంక్షన్ హాల్లో సంగీత్. సాయంత్రం నాలుగింటికే వెళ్లి బోర్డు విప్పాను, తొమ్మిదింటికీ తొమ్మిది లైట్లు వెలిగాయి, కార్తీక దీపాల్లా. అటు డెకరేషన్‌వాళ్లు లైట్ల గోడ ఆన్ చేశారో లేదో నా బోర్డు గుయ్‌మని ఎత్తుకుంది. సౌండ్ చూసే అబ్బాయి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూశాడు.

"అన్నా, ఇవన్నీ ఏంది?"

చెప్పడం మొదలుపెట్టాను. రెండో పెడల్ దగ్గరే వంగి గిటార్ వైరు పీకి, తన డబ్బాలో గుచ్చి, తిన్నగా మిక్సర్‌కి ఇచ్చేశాడు. హమ్ ఆగింది. "గిట్లనే వాయించు" అని వెళ్లిపోయాడు. బోర్డు మూసి స్టేజీ వెనక కూలర్ పక్కన పెట్టాను. తీగలు ఎనిమిది నెలల పాతవి, పవర్ సప్లై కొన్నాక కొత్తవాటికి డబ్బులు మిగల్లేదు. మూడు గంటలు అలాగే వాయించాను.

దిగుతుంటే ఇంజనీరింగ్ కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, బేస్ టోన్ మస్తుంది! ఏం పెడల్ వాడుతున్నరు?"

దాచుకునే బుద్ధి నాకు లేదు. తొమ్మిది పేర్లూ వరసక్రమంలో, ఏ నాబ్ ఎంత తిప్పాలో సహా చెప్పాను. వాడు శ్రద్ధగా ఫోన్‌లో రాసుకుని నంబరు తీసుకున్నాడు.

మొన్న మెసేజ్ పెట్టాడు. నాలుగు కొన్నాడట, ఇంకా ఆ టోన్ రావట్లేదట.

కేబుల్ మార్చి చూడమన్నాను.